ఆగ్నెస్ చదివిన అక్షరం

బెల్‌ఫాస్ట్‌లో వాన రోజున బస్సెక్కితే తడిసిన ఉన్ని కోట్ల వాసన ముక్కుకి తగులుతుంది. కాస్త గొర్రె వాసన, కాస్త మూసిపెట్టిన బీరువా వాసన. మొన్న పొద్దున ఆఫీసుకి వెళ్తుంటే నా పక్క సీట్లో ఒకావిడ వచ్చి కూర్చున్నారు. ఆవిడ కోటు అంచు నుంచి నీళ్ళు నా బూటు మీద కారుతున్నాయి. ఆ వాసన ధ్యాసలో దిగవలసిన స్టాపు దాటిపోయింది. తడి ఉన్ని వాసన వస్తే నాకు ఇప్పటికీ కోవెంట్రీలోని ఒక ఇరుకు గది, ఆ గదిలో గడిచిన పదకొండు రోజులు గుర్తుకొస్తాయి. ఆ గది ఆగ్నెస్‌ది. వానలో నడిచి వచ్చి, కోటు రేడియేటర్ మీద ఆరేసి, ఆ ఆవిరిలోనే కూర్చుని పని మొదలుపెట్టేవారు.

ఆగ్నెస్ పేరు మీరు విని ఉండరు. ఆవిడ భాషాశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. నేను కలిసేనాటికే రిటైరయ్యారు, అయినా యూనివర్సిటీ వాళ్ళు ఆ రెండో అంతస్తు గది ఆవిడకే ఉంచేశారు. పుట్టింది స్కాట్లండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో. రెండు వందల ఏళ్ళ కిందట ఆ దీవుల మగవాళ్ళు చాలామంది జంతువుల బొచ్చుతోళ్ళ వ్యాపారంలో గుమాస్తాలుగా కెనడా వెళ్ళి, హడ్సన్ అఖాతం ఒడ్డున ఏళ్ళకేళ్ళు ఉండిపోయేవారట. అలా వెళ్ళిన ఒక గుమాస్తా, చుట్టూ ఉన్న క్రీ అనే ఆదివాసుల మాటల్ని ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు క్రీ మాట. ఆగ్నెస్ జీవితంలో సగం ఆ పుస్తకం చుట్టూ తిరిగింది. వయసులో ఉన్నప్పుడు ఆవిడకి దాని ఫొటోలు మాత్రమే దొరికాయి. వాటిని చూసి, చదివి, జాబితా అచ్చు వేశారు. అసలు పుస్తకం ఒక కుటుంబం దగ్గర ఉండేది. ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళు దాన్ని యూనివర్సిటీకి ఇచ్చారు. దానిలోని ప్రతి మాటనూ అక్షరం అక్షరం చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఒక స్టూడెంట్ కావాలన్నారు. ఆ స్టూడెంట్‌ని నేను.

మాది ఆదిలాబాద్ వైపు ఉట్నూరు. డేటా కోర్సులో మాస్టర్స్ చేయడానికి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ వచ్చాను. అప్పటిదాకా ఒక టేక్‌అవే హోటల్లో పని చేస్తూ, వాళ్ళ డ్యూటీ వేళలు మారినప్పుడల్లా క్లాసులు ఎగ్గొడుతున్నాను. ఈ పని దొరికితే చాలనుకుని వెళ్ళాను. భాషల గురించి నాకేమీ తెలియదు. మొదటి రోజు "మేడం" అన్నాను. ఆవిడ తల ఎత్తకుండానే, ఆగ్నెస్ అను చాలు అన్నారు. ఇంగ్లిష్‌లో నువ్వూ మీరూ ఒకటే కదా. అయినా ఆవిడ మాటలు నాకెప్పుడూ తెలుగులో "నువ్వు" అనే వినపడేవి.

ఆ గది గోడ మీద ఒక పొడుగాటి కాగితం ఉండేది. దాని మీద కుక్కకి ఉన్న పేర్లు. క్రీ భాషలో అతిమ్. దాని పక్క భాష ఓజిబ్వేలో అనిమోష్. అట్లాంటిక్ ఒడ్డున ఒకప్పుడు మాట్లాడిన భాషల్లో ఒకచోట అనుమ్, ఒకచోట అలుమ్, ఇంకోచోట అరుమ్. ఇవన్నీ అల్గాంకియన్ అనే ఒకే కుటుంబపు భాషలని, అట్లాంటిక్ నుంచి పడమటి కొండల దాకా ఆ కుటుంబం పరుచుకుని ఉందని చెప్పారు. క్రీలోనే మళ్ళీ ఒక్కో ప్రాంతం ఒక్కో తీరు. "నేను" అనే మాటని ఒక ప్రాంతం వాళ్ళు నీయ అంటారు, ఇంకొకరు నీన అంటారు, మరొకరు నీల. వెనకటికి కొందరు నీర అనేవాళ్ళు, వాళ్ళ వారసులు ఇప్పుడు నీల అంటున్నారు. పాత భాషలోని ఒకే ధ్వని ఒక్కో చోట ఒక్కోలా మారింది. ఆ ఒక్క అక్షరం వింటే మాట్లాడే మనిషి ఏ ఒడ్డు వాడో చెప్పేయవచ్చు. గుమాస్తా పుస్తకంలో ఉన్నది "న" పలికే వాళ్ళ భాష అని ఆగ్నెస్ ముప్పై ఏళ్ళ కిందటే తేల్చారు. ఆవిడకి పేరు తెచ్చింది ఆ మాటే.

ఒకరోజు టీ తాగుతూ నా భాష గురించి అడిగారు. సంస్కృతం నుంచి పుట్టిందని చెప్పాను. మా స్కూల్లో అలాగే చెప్పారు. ఆవిడ కప్పు కింద పెట్టి, మాటలు అప్పు తెచ్చుకోవడం వేరు, పుట్టడం వేరు అన్నారు. తోబుట్టువులెవరు అని అడిగారు. తమిళం, కన్నడం అన్నాను. అవి కొంచెం దూరం, ఇంకా దగ్గరవాళ్ళు ఉన్నారు కదా, నువ్వు పుట్టిన జిల్లాలోనే ఉన్నారు కదా అన్నారు. నాకు తట్టలేదు. "గోండి," అన్నారావిడ.

నాకు ముఖం మీద కొట్టినట్టయింది. ఆరో తరగతిలో మా క్లాసుకి జంగుబాయి అనే గోండు పిల్ల వచ్చింది. సారు అంకెలు చెప్పమంటే లేచి నిలబడి, కంగారులో, ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తెలుగు సరిగా పలకడం కూడా రాదని ఏడాదంతా ఆ పిల్లని మూండ్ అని పిలిచాం. మరుసటి ఏడు ఆమె బడికి రాలేదు. ఇదంతా ఆగ్నెస్‌కి ఎందుకు చెప్పానో తెలియదు, చెప్పేశాను. ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ ఓదార్చలేదు.

"ఆ పిల్ల నీ మాటల్ని తప్పుగా పలకలేదు. తన మాటల్ని సరిగ్గా పలికింది. మీకెవరికీ ఆ సంగతి తెలియదు, అంతే."

ఆ తర్వాత నేను పని చేసే తీరు మారింది. గంటలు గడిస్తే చాలనుకునేదాన్ని కాస్తా ప్రతి మాటనూ మనిషిని చూసినట్టు చూడడం మొదలుపెట్టాను. అలా చూడబట్టే చిక్కు వచ్చిపడింది.

కెనడా నుంచి రోజ్ అనే క్రీ టీచర్ రావలసి ఉంది. ఆవిడది "న" పలికే ఊరు. ఆగ్నెస్ అచ్చు వేసిన జాబితా చూసి, ఇవి మా పూర్వీకుల మాటలేనని, వాళ్ళ ఊరివాళ్ళు పిల్లల పాఠ్యపుస్తకంలో చేర్చుకున్నారు. ఇప్పుడు అసలు పుస్తకాన్నే తమ ఊరికి ఇవ్వమని అడుగుతున్నారు. యూనివర్సిటీ సరేనంది. ఆ కాగితాల మీద సంతకాలు పెట్టడానికే రోజ్ వస్తున్నారు. ఆవిడ రావడానికి పదకొండు రోజుల ముందు నేను "మనం" అనే మాట దగ్గర ఆగాను.

ఇంగ్లిష్‌లో వుయ్ ఒక్కటే. గుమాస్తా మాత్రం ఆ ఒక్క ఇంగ్లిష్ మాటకి ఎదురుగా రెండు క్రీ మాటలు రాశాడు. ఒకటి వినేవాళ్ళని కలుపుకుని, రెండోది వాళ్ళని వదిలేసి. మనం, మేము. ఆ సంగతి ఆగ్నెస్‌కి ఎప్పుడో తెలుసు, అచ్చులోనూ సరిగ్గానే రాశారు. నాకు మాత్రం ఇంటివాళ్ళెవరో ఎదురుపడ్డట్టయింది. ఆ ముచ్చటతోనే "మేము" అనే మాటని భూతద్దం కింద పెట్టి చూస్తూ కూర్చున్నాను. ఆగ్నెస్ దాన్ని నిననాన్ అని చదివారు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఆ మాటలో "న" గుర్తు, అంటే n, నాలుగుసార్లు రావాలి. మూడుసార్లు ఆ అక్షరం రెండో కాలు గీత దాకా దిగింది. రెండో n దగ్గర మాత్రం దిగలేదు. భుజం దగ్గరే ఆగిపోయింది. అది n కాదు, r. "న" కాదు, "ర".

నిరనాన్.

వెనక్కి తిప్పి "నేను" చూశాను. నీన కాదు, నీర. "నువ్వు" చూశాను. అక్కడా అంతే. ఒక్కో పేజీ తిప్పుతుంటే అలాంటివే ఇంకొన్ని దొరికాయి. పుస్తకం రోజ్ వాళ్ళ ఒడ్డుది కాదు. ఒకప్పుడు "ర" పలికి, ఇప్పుడు "ల" పలుకుతున్న మరో ఊరివాళ్ళది.

ఆ సాయంత్రం ఫ్లాట్‌లో సౌజన్యకి చెప్పాను. కరీంనగర్ పిల్ల, నా క్లాస్‌మేట్. నా వీసా గడువెంతో, ఈ పుస్తకం ప్రాజెక్టులో రాబోయే పూర్తికాలపు ఉద్యోగానికి ఆగ్నెస్ నా పేరు చెప్తానన్న సంగతీ ఆమెకి తెలుసు. కూర కలుపుతూ విని, స్టవ్ ఆపేసింది.

"నీకెందుకే ఇదంతా? ముప్పై ఏండ్ల సంది ఎవ్వలు పట్టుకోలె. నువ్వు టైప్ జేసుకుంట పో. ఆమెకు కోపమొచ్చి రెఫరెన్స్ ఇయ్యకపోతే ఏం జేస్తవ్?"

 రెండు రోజులు ఆగ్నెస్‌కి చెప్పలేదు. ఆ రెండు రోజులూ నేను టైప్ చేసిన ప్రతి "న" దగ్గరా వేలు ఆగేది. ఆగ్నెస్ రోజ్ కోసం గది సర్దుతున్నారు. పుస్తకం పెట్టడానికి కొత్త గుడ్డ తెచ్చారు. క్రీలో స్వాగతం చెప్పే మాటలు నోట్లో నోట్లో అనుకుంటున్నారు. మూడో రోజు ఆవిడ కోటు ఆరేసి కూర్చోగానే, భూతద్దం, పుస్తకం ఆవిడ ముందు పెట్టి, ఈ రెండో అక్షరం ఒకసారి చూడండి అన్నాను. 

చాలాసేపు చూశారు. రేడియేటర్ టిక్కు టిక్కుమంటోంది.

"ఈ చేతిరాత చదవడం నీకెవరు నేర్పారు?" అన్నారు చివరికి.

"మీరే."

భూతద్దం దించకుండానే, ఇవాళ్టికి ఇంటికి వెళ్ళమన్నారు. మరుసటి రోజు వెళ్తే తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. లోపల పేజీలు తిరుగుతున్న చప్పుడు. తట్టాను, పలకలేదు. దాని తర్వాతి రోజూ అంతే. అయిపోయింది, నా ఉద్యోగం అయిపోయింది అనుకున్నాను. అది కాక ఇంకో భయం, ఆవిడకి ఏదైనా అయితే నావల్లే అని. ఆరో రోజు తలుపు తెరిచే ఉంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద నాలుగు వరసల్లో చీటీలు. ప్రతి మాటనీ మొదటి నుంచి మళ్ళీ చదివారు. నేను పట్టుకోనివి ఇంకో పది ఆవిడే పట్టుకున్నారు.

అప్పుడు చెప్పారు. ఫొటోల్లో ఆ గీతలు సరిగా కనపడలేదట, అందులో తన తప్పు పెద్దగా లేదట. కానీ అసలు పుస్తకం ఏడాదిగా ఈ బల్ల మీదే ఉంది. "ఒక్కసారి కూడా చదవలేదు. చూశాను, అంతే. చదవనక్కర్లేదు, నాకు తెలుసు అనుకున్నాను. తప్పు అదీ."

డిపార్ట్‌మెంట్ పెద్దాయనకి చెప్తే, రోజ్ వచ్చి సంతకాలయ్యాక నెమ్మదిగా సవరణ వేద్దాం, ఇప్పుడు గొడవెందుకు అన్నారట. అంత దూరం నుంచి వస్తున్న మనిషిని ఇబ్బంది పెట్టడం మర్యాద కాదన్నారట. ఆగ్నెస్ అది నాకు చెప్పి, నవ్వబోయి నవ్వలేకపోయారు. రోజ్‌కి ముందే ఫోన్ చేసి చెప్పవచ్చు కదా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఆడించారు. ఆ పుస్తకం రోజ్ కళ్ళ ముందు ఉండాలి, అక్షరం ఆవిడే చూడాలి, నా మాట మీద నమ్మడం ఇక చాలు అన్నారు.

రోజ్ వచ్చిన రోజు కూడా వానే. యాభై దాటిన మనిషి, జడ వేసుకున్నారు, నెమ్మదిగా మాట్లాడతారు. పెద్దాయన, ఇంకో ఇద్దరు అధికారులు, ఒక మూల నేను. సంతకాల కాగితాలు బల్ల మీద ఉన్నాయి. పెద్దాయన ఉపన్యాసం మొదలుపెట్టేలోపే ఆగ్నెస్ లేచి నిలబడ్డారు. సంతకం పెట్టకముందు మీరొకటి చూడాలి అని, భూతద్దం రోజ్ చేతికిచ్చి, ఆ మాట చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పారు. ఫొటోల సంగతి ఎత్తలేదు. నేను తప్పు చదివాను, మీకు అది చేరింది, అని మాత్రమే అన్నారు. పెద్దాయన బల్ల వంక చూస్తూ కూర్చున్నారు.

రోజ్ ఆ మాటని చాలాసేపు చూశారు. భూతద్దం పక్కన పెట్టాక కూడా కళ్ళు పుస్తకం మీదే ఉన్నాయి.

"ఈ జాబితాలో కొన్ని మాటలు మావి కావని మా ముసలివాళ్ళు అన్నారు," అన్నారు రోజ్. "పుస్తకంలో ఉంది కదా, మీరే మరిచిపోయి ఉంటారు అన్నాం. మా అమ్మకి ఆ మాట నేనే చెప్పాను. నిజమే కాబోలు, నేనే మరిచిపోయానేమో అని ఆవిడ ఊరుకుంది. ఇప్పుడు ఆవిడ లేదు."

 ఆగ్నెస్ క్షమించమని కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి అనవలసిన బరువు రోజ్ మీద పడేది. అది నాకు తర్వాత అర్థమైంది. ఆగ్నెస్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నారు.  రోజ్ లేచి బయటికి వెళ్ళిపోయారు. కారిడార్‌లో కిటికీ దగ్గర ఆవిడ వీపు నాకు కనపడుతూనే ఉంది. పెద్దాయన ఆగ్నెస్‌తో గొంతు తగ్గించి ఏదో కోపంగా అంటున్నారు. ఆవిడ వినలేదు. తలుపు వైపే చూస్తున్నారు.

పావుగంటకి రోజ్ తిరిగొచ్చారు. కూర్చుని, పుస్తకం దగ్గరికి లాక్కుని, మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టారు. గుమాస్తా "ర" రాసిన చోట "ర" అని ఒకసారి, తమ ఊరి తీరులో "న" అని ఒకసారి. నీర, నీన. నిరనాన్, నిననాన్. కొన్ని మాటల దగ్గర ఆగి, ఇది మాకు లేదు, మా అమ్మ చెప్పింది నిజం, అన్నారు. మరికొన్నిటి దగ్గర ఆవిడకి తెలియకుండానే ముఖం విప్పారేది, పెళ్ళిలో దూరపు చుట్టాన్ని పోలికలను బట్టి ఆనవాలు పట్టినట్టు. అరగంట చదివారు. ఆ అరగంటా ఆగ్నెస్ కూర్చోలేదు.

చివరికి రోజ్ పుస్తకం మూసి, సంతకాల కాగితాలు పెద్దాయన వైపు జరిపారు. ఇది మా పుస్తకం కాదు, తీసుకోను అన్నారు. ఒడ్డు వెంట దక్షిణంగా "ల" పలికేవాళ్ళున్నారని, వాళ్ళ బడిలో ఒక టీచర్ తనకి తెలుసని చెప్పారు. "వాళ్ళు మాకు చుట్టాలు. ఇది వాళ్ళకి చేరాలి. ఫోన్ నేను చేస్తాను."

వెళ్ళేటప్పుడు ఆగ్నెస్‌కి చేయి ఇచ్చారు. నవ్వలేదు. క్షమించారని నేననుకోను. చేయి మాత్రం ఇచ్చారు.

ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. నాకనుకున్న ఉద్యోగం కూడా దాంతోపాటే పోయింది. ఆగ్నెస్ ఒక పత్రికకి సవరణ రాశారు. అందులో ఆ అక్షరాన్ని మొదట గుర్తించింది నేనని రాసి, చదవమని నాకిచ్చారు. నా పేరు తీసేయండి, మీ తప్పు పట్టినదాన్నని అందరికీ తెలియడం నాకు ఇష్టం లేదు అన్నాను. "తప్పు నాది, అందుకే నా పేరు పైనుంది. పట్టుకున్నది నువ్వు. నీ పేరు తీసేస్తే అది రెండో తప్పవుతుంది," అన్నారు. తర్వాత కొన్ని నెలలకి బెల్‌ఫాస్ట్‌లో ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. వాళ్ళకి రెఫరెన్స్ రాసింది ఆగ్నెసే. ఏం రాశారో నాకు తెలియదు, ఇంటర్వ్యూ చేసినావిడ మాత్రం, మీరు పనిచేసిన చోట తప్పులు దాగవట కదా అంది. పుస్తకం దాని మనుషుల దగ్గరికి చేరిందని ఆగ్నెస్ ఒక చిన్న కార్డు మీద రాసి పంపారు. పోయిన చలికాలం ఆవిడ పోయారు. ఆర్క్‌నీకి తీసుకెళ్ళి అక్కడే ఖననం చేశారట. నేను వెళ్ళలేకపోయాను.

ఈ మధ్య మా ఆఫీసులో ఒక సంగతి జరిగింది. మా సాఫ్ట్‌వేర్ పంపే అపాయింట్‌మెంట్ ఉత్తరాల్లో వార్డు తప్పు పడుతోందని కొందరు పేషెంట్లు, ఎక్కువగా పెద్దవాళ్ళు, ఫిర్యాదు చేశారు. సిస్టమ్‌లో అంతా సరిగ్గానే ఉంది, వాళ్ళే తప్పు చదువుకుని ఉంటారు అని మా టీమ్ జవాబు సిద్ధం చేసింది. పంపే పని నాది. పంపలేకపోయాను. ఆ ఉత్తరాలు అసలువి తెప్పించమన్నాను. రెండు రోజులు పట్టింది, ఈ లోపు నా మేనేజర్ రెండుసార్లు విసుక్కున్నాడు. కవర్లు వచ్చాక ఒక్కొక్కటే విప్పి చదివాను. వాళ్ళు చెప్పింది నిజం. తప్పున్నది నేను రాసిన కోడ్‌లోనే.

ఎనభై ఏళ్ళ ఒకావిడ ఆ ఉత్తరం పట్టుకుని మూడు వార్డులు తిరిగి ఇంటికి వెళ్ళిపోయిందట. ఆవిడకి కంపెనీ తరఫున కాకుండా నేనే ఉత్తరం రాస్తానని మేనేజర్‌ని అడిగాను. అలాంటి అలవాటు మన దగ్గర లేదన్నాడు, చివరికి సరేనన్నాడు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మీరు సరిగ్గానే చదివారు, తప్పు నాది, అనే మొదటి వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. తర్వాతి వాక్యాలకి కలం ఆగలేదు.